కడప ఏడు రోడ్ల దగ్గర బండి ఇన్సూరెన్స్ ఆఫీసు

బండి ఇన్సూరెన్స్ అయిపోవస్తోందని ఎవరన్నా ఇక్కడికే వెళ్లమంటాను. ఈ అన్న పాలసీ కాగితం మన ముందే పెట్టి, దేనికి ఎంత కడుతున్నామో పెన్నుతో గీసి చూపిస్తాడు. థర్డ్ పార్టీ చట్టప్రకారం తప్పనిసరి, లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 ఫైన్, కానీ అది ఎదుటివాళ్ల నష్టానికే, మన బండి రిపేరుకు నయాపైసా రాదు. ఓనరే నడిపితే తన పేరు మీద 15 లక్షల ప్రమాద బీమా కూడా ఉండాలి. నా కారు పాలసీలో అది ముందే ఉందని చూసి, స్కూటర్‌కు మళ్లీ వేయకుండా తీసేశాడు, నేను అడగకుండానే! చాలాచోట్ల రెండుసార్లూ కట్టించుకుంటారు. లైసెన్సు గడువు కూడా చూస్తాడు, అది చెల్లకపోతే ఆ ప్రమాద బీమా డబ్బు రాదు కాబట్టి. సాయంత్రం బాగా రద్దీ, ఉదయమే పోండి.