నీళ్లు పడని బోరులో జియోథర్మలా, మామూలు ఏసీ, సోలారా: ఏది మేలు?

కనిగిరి, పొదిలి వైపు వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "నీళ్లు పడని బోరు పెరట్లో ఊరికే పడి ఉంది. అందులో పైపులు దించి జియోథర్మల్ హీట్ పంప్ పెట్టిస్తే ఏసీకీ వేడినీళ్లకీ కలిసొస్తుందా?" అంటే గదుల్లోని వేడిని బయటి గాలిలోకి కాకుండా, పైపుల్లో తిరిగే నీళ్ల ద్వారా నేలలోకి పంపే ఏసీ; అందులో కొంత వేడితో నీళ్లూ కాచుకోవచ్చు. రెండో దారి అందరికీ తెలిసిందే: ఇన్వర్టర్ ఏసీ, మేడ మీద సోలార్ హీటర్.

ముప్ఫై నలభై అడుగుల కింద నేల, ఆ ఊరి ఏడాది సగటు వేడి దగ్గరే నిలకడగా ఉంటుంది. చలిదేశాల్లో అది పది పన్నెండు డిగ్రీలు. నెల్లూరు, ఒంగోలుల్లో దాదాపు 28, 29. మే మధ్యాహ్నం బయట 42 ఉన్నప్పుడు ఇదీ లాభమే. కానీ మన ఇళ్లల్లో ఏసీ నడిచేది ఎక్కువగా రాత్రిళ్లు. తెల్లారేసరికి బయటి గాలి కూడా 30 దగ్గరికి దిగుతుంది. ఇక తేడా ఎక్కడుంది? పైగా పైపుల్లో నీళ్లు తిప్పే పంపు కరెంటు అదనం.

అయినా తేల్చేది అది కాదు, జమాఖర్చు. ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు, ఎనిమిది గంటలు, సగం లోడు మీద నడిస్తే గదుల్లోంచి లాగే వేడి, కరెంటు లెక్కలో చెప్తే, సుమారు 40 యూనిట్లు. కంప్రెసర్‌ది ఇంకో పది. రాత్రికి 50 యూనిట్లు నేలలో పోశారన్నమాట. నలుగురున్న ఇంట్లో 200 లీటర్ల నీళ్లు 28 నుంచి 50 డిగ్రీలకు కాగడానికి కావాల్సింది 5 యూనిట్లే. చలిదేశాల్లో వేసవిలో పోసిన వేడిని చలికాలంలో గదుల కోసం తోడుకుంటారు. ఆ తోడుకునే పని మనకు లేదు. బండ వేడిని మెల్లగా వదులుతుంది కాబట్టి బోరు చుట్టూ ఏటికేడు వేడి పెరుగుతుంది, దాంతోపాటు మీటరూ పెరుగుతుంది. తట్టుకోవాలంటే టన్నుకు 250, 300 అడుగుల బోరు, ఒక్కో దానికి మధ్య 20 అడుగుల ఎడం కావాలి.

పాత బోరు సంగతికొస్తే, ఉత్త పైపు వేలాడదీస్తే పని చేయదు. చుట్టూ గాలి ఉంటే వేడి బండలోకి దిగదు. 32 ఎంఎం హెచ్‌డీపీఈ యూ-లూపును (U ఆకారంలో కిందికి దిగి పైకొచ్చే గట్టి ప్లాస్టిక్ పైపు) దించే ముందు ప్రెషర్ టెస్ట్ చేసి, బెంటోనైట్ అనే బంకమట్టి, ఇసుక కలిపిన పలచటి ముద్దను వేరే పైపుతో అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి. పై నుంచి పోస్తే మధ్యలో గాలి బుడగలు మిగిలిపోతాయి. 600 అడుగుల ఎండు బోరైతే పైపు లోపలి నీటి ఒత్తిడి అడుగున 18 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత). ముద్ద పడకముందే నీళ్లు నింపితే, 16 బార్ల వరకే తట్టుకునే పైపు చీలినా చీలొచ్చు. 400 అడుగుల దగ్గర ఆపడం మంచిది.

కోవూరు, ఇందుకూరుపేట లాంటి చోట్ల తడి ఇసుక కాస్త నయం, కదిలే నీరు వేడిని మోసుకుపోతుంది. బోరునీళ్లే నేరుగా తిప్పుదామంటే టన్నుకు నిమిషానికి పది లీటర్లు కావాలి, వాడిన నీళ్లు దించడానికి రెండో బోరు కావాలి, ఉప్పునీళ్లయితే ఎక్స్ఛేంజర్ తినేస్తుంది. రొయ్యల గుంటలో పైపులు పరుద్దామని కూడా అడుగుతున్నారు. నాలుగైదడుగుల నీళ్లు ఎండకు కాగుతాయి, పంట తీశాక గుంట ఎండగడతారు. వద్దు.

మామూలు ఇంటికి మొగ్గు ఇన్వర్టర్ ఏసీ, సోలార్ వైపే. చవ్వనీళ్లకు, అంటే గారపట్టే ఉప్పటి బోరునీళ్లకు, గాజు గొట్టాల సోలార్ తీసుకోండి. పలకల రకంలో సన్న రాగి గొట్టాలు గారపట్టి మూసుకుపోతాయి. కార్తీకం ముసురుకు 2 కిలోవాట్ల రాడ్డు చాలు. మేడ మీద నీడ పడుతుంటే గాలి నుంచి వేడి లాగే హీట్ పంప్ గీజర్ పెట్టుకోవచ్చు, 200 లీటర్లకు రెండు యూనిట్ల లోపే.

జియోథర్మల్ నిజంగా గెలిచేది మైపాడు, కొత్తపట్నం లాంటి తీరంలో, ఏడాది పొడవునా వేడినీళ్లు వాడే లాడ్జీలు, హాస్టళ్లలో. అక్కడ ఉప్పు గాలికి తినిపోవడానికి బయట అవుట్‌డోర్ యూనిట్టే ఉండదు. ఆ తీరంలో మామూలు ఏసీ ఉన్నవాళ్లు అవుట్‌డోర్ యూనిట్ ఫిన్లను (పలచటి లోహపు రేకులను) నెలకోసారి మంచినీళ్లతో, ఒత్తిడి లేకుండా కడగాలి.