‘ఆరాధన’ గురించి చదవడానికి కొన్న రిఫరెన్స్ బైబిల్: నా రివ్యూ

ముందు పుస్తకం సంగతి చెప్తాను. మెత్తటి అట్ట, కుట్టు బైండింగ్, రెండు రిబ్బన్లు. పేజీకి రెండు కాలమ్‌లు, వాటి మధ్య సన్నటి వరుసలో రిఫరెన్సులు. చివర్లో విషయసూచిక, అంటే ఏ అంశం మీద ఏ వచనాలున్నాయో చూపే పట్టిక, దాని తర్వాత మ్యాపులు. బల్ల మీద తెరిచి పెడితే ఆదికాండం దగ్గరైనా, ప్రకటన గ్రంథం దగ్గరైనా దానంతట అది మూసుకోదు. ఒక చేత్తో పేజీ నొక్కిపట్టుకుని ఇంకో చేత్తో నోట్స్ రాసుకునే అవస్థ లేదు. బైబిల్ స్టడీ చేసేవాళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు.

నేను సంఘంలో క్వయిర్‌లో పాడతాను. ఉద్యోగం జీతాల లెక్కలు. స్త్రీల కూడికలో ‘నిజమైన ఆరాధన’ అనే అంశం మీద వరుసగా చదువుకుందాం అనుకున్నప్పుడు, ఒక వచనం నుంచి ఇంకో వచనానికి దారి చూపించే బైబిల్ కావాలని దీన్ని తీసుకున్నాను. కాబట్టి ఈ రివ్యూ అంతా ఆ ఒక్క పని దీనితో ఎంతవరకు జరిగిందన్నదే.

మధ్య కాలమ్‌లోని రిఫరెన్సులకు పూర్తి మార్కులు వేస్తాను. యోహాను 4వ అధ్యాయం తీయండి. ఆరాధించాల్సింది ఈ కొండ మీదా, యెరూషలేములోనా అని సమరయ స్త్రీ యేసును అడుగుతూ ‘ఈ పర్వతము’ అన్న చోట పక్కన చిన్న అక్షరం ఉంటుంది. అది పట్టుకుని వెళ్తే ద్వితీయోపదేశకాండం 11:29కి, న్యాయాధిపతులు 9:7కి తీసుకెళ్తుంది. రెండు చోట్లా ఉన్నది గెరిజీము కొండే. పేజీ అడుగున ఒక నోట్ కూడా ఇచ్చారు: ఆ కొండ మీది సమరయుల ఆలయాన్ని క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో యూదుల పాలకుడు యోహాను హిర్కాను కూల్చేశాడు. అంటే ఆమె ఆ ప్రశ్న అడిగే నాటికి ఒక ఆలయం శిథిలం. రెండోది, యెరూషలేముది, ఇంకా నిలబడే ఉంది గానీ క్రీస్తు శకం 70లో రోమన్ల చేతిలో అదీ పోయింది. ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు అని ప్రభువు చెప్పిన మాట ఈ నోట్ చదివాక నాకు ఇంకా బరువుగా అనిపించింది. పైగా ఆరాధన గురించి అంత పెద్ద బోధ ఆయన ఎక్కడ చేశాడు? మిట్టమధ్యాహ్నం, ప్రయాణంలో అలసిపోయి బావి దగ్గర కూర్చుని, నీళ్లు తోడుకోవడానికి వచ్చిన మనిషితో.

మీ శరీరాలను సజీవయాగంగా దేవునికి అర్పించండి అనే రోమా 12:1 నుంచి అదే కాలమ్ హెబ్రీ 13:15, 16కి పంపిస్తుంది. హెబ్రీలోని ఈ రెండు వచనాలూ పక్కపక్కనే చదవాలి. మొదటిది స్తుతియాగం, అంటే మన నోట వచ్చే పాట, ఒప్పుకోలు. రెండోది ఉపకారం, ధర్మం. రెంటినీ యాగాలనే అన్నాడు రచయిత. పాట తక్కువదని ఎక్కడా అనలేదు, పాటతో సరిపెట్టమనీ అనలేదు. క్వయిర్‌లో ఉన్న నాకు ఈ జంట వచనాలు చాలా ఇష్టం.

ఇక అసలు లోపం. చివర్లో ఉన్న విషయసూచికలో ‘ఆరాధన’ అనే మాట కింద ఏమున్నాయో చూడండి. మోకరించడం, కీర్తన 95. సంతోషగానం, కీర్తన 100. వాయిద్యాలు, కీర్తన 150. పరలోక సింహాసనం, ప్రకటన 4. అన్నీ మంచి వచనాలే, చదవాల్సినవే. కానీ రోమా 12:1 లేదు. పాటల ధ్వని నా దగ్గర నుంచి తీసేయండి, న్యాయం నీళ్లలా పారనివ్వండి అని దేవుడే అంటున్న ఆమోసు 5 లేదు. ఉపవాసం ఉంటూనే పనివాళ్లను పీడించేవాళ్లను నిలదీసే యెషయా 58 లేదు. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి వెళ్లి ముందు నీ సహోదరునితో సమాధానపడు అనే మత్తయి 5:23, 24 లేదు. విషయసూచిక ఒక్కటే చూసుకుని ప్రసంగం తయారు చేసుకునేవాళ్లకు ఆరాధన అంటే ఆదివారం జరిగేది మాత్రమే అనిపిస్తుంది. ఎడిషన్ ఎంత అందంగా ఉన్నా దీన్ని చిన్న లోపం అనలేను. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ముందు తిప్పేది ఈ చివరి పేజీలనే.

చిత్రమేమిటంటే, విషయసూచిక వదిలేసినవన్నీ మధ్య కాలమ్‌లో ఉన్నాయి. ఓపిక పట్టి వెతుక్కోవాలి, అంతే. నేను లేవీయకాండం 19కి అలాగే చేరాను. బలులు, యాజకుల నియమాలతో నిండిన పుస్తకం అది. మధ్యలో ఈ అధ్యాయం వచ్చి పొలం అంచులు పేదలకు వదిలేయమంటుంది, చెవిటివాణ్ని తిట్టొద్దంటుంది, గుడ్డివాడి ముందు అడ్డం వేయొద్దంటుంది, తూకాలూ కొలతలూ సరిగ్గా ఉండాలంటుంది. ఇన్నిటి మధ్య ‘నేను యెహోవాను’ అని మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంటుంది. 13వ వచనం కూలివాడి కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అంటుంది. దాని పక్కనున్న అక్షరం ద్వితీయోపదేశకాండం 24:15కి, అక్కడి నుంచి యాకోబు 5:4కి వెళ్తుంది. బిగపట్టిన కూలి తానే మొర పెడుతోందని రాశాడు యాకోబు.

నా పని ఇదే కాబట్టి ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. నెలాఖరున నా టేబుల్ మీదికి ఓవర్‌టైమ్ స్లిప్పులు వస్తాయి. కొన్ని నలిగిపోయి, కొన్ని చెమటకు అంకెలు చెరిగిపోయి ఉంటాయి. లెక్కలు మూసే వేళకు అలాంటిది ఒకటి వస్తే, వచ్చే నెలలో వేద్దాం అని పక్కన పెట్టేయడం చాలా సులువు. ఎవరూ అడగరు కూడా. ఆ స్లిప్పు మీది అంకె 3 గంటలో 8 గంటలో సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి కనుక్కుని, ఆ నెల జీతంలోనే ఎక్కించడం ఆదివారం నేను పాడే పాటకు కొనసాగింపు అని ఈ వచనాల వరుస చదివాక గట్టిగా నమ్ముతున్నాను. కొలొస్సయి 3:23 ‘ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి’ అని చెప్పింది దాసులకు. తమ పనిని తాము ఎంచుకునే వీలే లేనివాళ్లకు. ఆ పక్కనే 4:1లో యజమానులకు న్యాయంగా ఇవ్వండి అని ఉంది. జీతాలు లెక్కకట్టే మనిషి ఈ రెండు వచనాల మధ్యే కూర్చుని ఉంటుంది.

రిఫరెన్సుల గురించి ఒక్క మాట. ఇంత తేలిగ్గా వెతుక్కుంటున్నామంటే అది వచనాల అంకెల పుణ్యమే. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం వాడే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. ప్రెస్సులో కూర్చుని చేసిన పని. అదీ ఆరాధనే అంటాను నేను.

మిగతా విషయాలు. కాగితం బాగా పల్చన. హైలైటర్ వాడితే వెనక పేజీకి దిగుతుంది, పెన్సిలే మంచిది. వచనాల అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ మధ్య కాలమ్ అక్షరాలు మరీ చిన్నవి, రాత్రి లైటులో కళ్లు నొప్పెడతాయి. మ్యాపుల్లో ఆ సమరయ స్త్రీ ఊరు సుఖారు, గెరిజీము రెండూ గుర్తించారు, యోహాను 4 చదివేటప్పుడు పనికొచ్చింది.

ఒంటరిగా కూర్చుని ఒక్కో రిఫరెన్సూ తీసి చదివే ఓపిక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. పెద్ద వయసువాళ్లకు మాత్రం పెద్దక్షరాల ప్రతి వచ్చేదాకా ఆగమని చెప్తాను. ప్రచురించినవాళ్లకు ఒక విన్నపం: తర్వాతి ముద్రణలో ‘ఆరాధన’ కింద రోమా 12:1, ఆమోసు 5:21-24, యెషయా 58, లేవీయకాండం 19, మత్తయి 5:23, 24 చేర్చండి. నా ప్రతిలో అవన్నీ పెన్సిల్‌తో రాసుకున్నాను. విషయసూచిక మార్జిన్‌లో చోటు సరిపోయింది.