పదహారేళ్ళుగా సొంతంగా చేసుకుంటున్న విండోస్ డిస్కులు: హార్డ్ డిస్కు కనపడని చోట ఏది పనికొచ్చింది

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డాయి. నీళ్ళు దిగాక పాతబస్తీలోని మా రిపేరు షాపుకు వచ్చిన కంప్యూటర్లలో ఏ డబ్బా విప్పినా లోపల ఒండ్రే. ఉల్లిగడ్డల మండీ నడిపే పెద్దాయన ఒకరు మునిగిన డెస్క్‌టాప్‌ మీద ఆశ వదులుకుని కొత్త లాప్‌టాప్ కొనుక్కొచ్చారు. అందులో విండోస్ విస్టా ఉంది. ఆయన మండీ లెక్కల ప్రోగ్రామేమో పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు.

ఎక్స్‌పీ సీడీ పెట్టాను. నీలం తెర మీద ఫైళ్ళన్నీ వరసగా లోడయ్యాయి. అడుగున 'సెటప్ ఈజ్ స్టార్టింగ్ విండోస్' అని వచ్చింది, ఆ వెంటనే స్టాప్ 7బి, అంటే విండోస్‌కు బూట్ డిస్కు అందలేదనే ఎర్రర్. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే. "సీడీకి గీతలు పడినాయేమో, ఇంకోటి పెట్టి చూడు నాయనా" అన్నారాయన. నేనూ అదే అనుకుని మూడు సీడీలు మార్చాను.

సీడీలో ఏ లోపమూ లేదు. ఎక్స్‌పీ వచ్చింది 2001లో. ఆ లాప్‌టాప్‌లో హార్డ్ డిస్కును నడిపే సాటా కంట్రోలరు ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంది, దానికి కావాల్సిన డ్రైవరు (పరికరాన్ని విండోస్ వాడుకునేలా చేసే చిన్న ప్రోగ్రాం) ఎక్స్‌పీ సీడీలో లేదు. మొదట్లో ఫైళ్ళు చదవడానికి బయోస్ (కంప్యూటరు ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) సాయం చేస్తుంది. విండోస్ తన సొంత డ్రైవర్లతో పని మొదలుపెట్టే క్షణంలో ఆ సాయం ఆగిపోతుంది, ఎదురుగా ఉన్న డిస్కు దానికి కనపడదు. దానికి మైక్రోసాఫ్ట్ చూపిన దారి ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవరు ఇవ్వడం. ఆ లాప్‌టాప్‌కు ఫ్లాపీ లేదు. బయోస్‌లో పాత ఐడీఈ మోడ్‌కు మార్చుకునే వీలూ లేదు. డ్రైవరును సీడీలోనే కలపడం తప్ప గతి లేకపోయింది. సొంత డిస్కు చేయడం నాకు అలా మొదలైంది.

వాడింది ఎన్‌లైట్, విండోస్ సీడీని మనకు కావాల్సినట్టు మార్చే ప్రోగ్రాం. మొదటిసారి తప్పు చేశాను. అందులో డ్రైవరు కలిపేటప్పుడు రెండు రకాలు అడుగుతుంది: మామూలు పీఎన్‌పీ డ్రైవరా, టెక్స్ట్‌మోడ్ డ్రైవరా అని. నేను పీఎన్‌పీ అని ఇచ్చి సీడీ కాల్చాను. డ్రైవరు సీడీలో ఉంది, కానీ నీలం తెర దశ దాటాకే అది పనిలోకి దిగుతుంది. మళ్ళీ అదే 7బి. డిస్కు డ్రైవరు నీలం తెర దశలోనే కావాలి కాబట్టి టెక్స్ట్‌మోడ్ అనే ఇవ్వాలి. పైగా ఇంటెల్ వాళ్ళ సెటప్ ఫైలు ఇస్తే కుదరదు, ఫ్లాపీ కోసం విడిగా ఇచ్చే 32 బిట్ ఫైళ్ళు కావాలి. అందులో టెక్స్ట్‌సెటప్ డాట్ ఓఈఎం (txtsetup.oem) అనే ఫైలు ఉంటేనే ఎన్‌లైట్ కంట్రోలర్ల పట్టిక చూపిస్తుంది. ఆ పట్టికలో ఏది ఎంచుకోవాలో విస్టా తీసేయకముందే డివైస్ మేనేజర్‌లో చూసి రాసుకోవాలి. పెద్దాయన లాప్‌టాప్‌లో ఇంటెల్ గుర్తు 8086 పక్కన 2929 అని ఉంది, అంటే ఐసీహెచ్9ఎం ఏహెచ్‌సీఐ. అది ఎంచుకుని కాల్చిన సీడీతో హార్డ్ డిస్కు తొలిసారి సెటప్ పట్టికలో కనపడింది. ఆ రాత్రి పదకొండింటికి ఆయన మండీ లెక్కలు తెరిచి చూసుకుని, నా భుజం తట్టి వెళ్ళారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఎన్‌లైట్‌లో అక్కరలేని భాగాలు తీసేసే సదుపాయం ఉంది. సీడీ చిన్నదవుతుంది, సిస్టం చురుగ్గా ఉంటుంది అని నేను స్కానర్లు, కెమెరాల సర్వీసు తీసేశాను. కొన్ని నెలలకు ఒక జిరాక్స్ షాపతను వచ్చాడు, "అన్నా, కొత్త స్కానర్ తెచ్చినా, ఎంత చేసినా పని చేయకుండా ఉంది" అని. తీసేసిన ముక్కను తిరిగి పెట్టే మార్గం దొరక్క మొత్తం మళ్ళీ ఎక్కించాను, కూలి తీసుకోలేదు. ఆనాటి నుంచి డిస్కులో చేర్చడమే తప్ప తీసేయడం మానుకున్నాను. ఒకసారి ఎన్‌లైట్‌తో మార్చిన ఫోల్డరునే మళ్ళీ మార్చడం కూడా మానేశాను. ప్రతిసారీ అసలు సీడీ నుంచి కొత్తగా కాపీ తీసి మొదలుపెడతాను.

విండోస్ 7 వచ్చాక ఏహెచ్‌సీఐ బాధ పోయింది, ఎందుకంటే ఆ డ్రైవరు అందులోనే ఉంది. కానీ ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ తప్పుదారి పట్టించింది విండోస్ 7 సెటప్పే. 2017లో ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు వాళ్ళకు వేబ్రిడ్జి కంప్యూటరు పాడైంది. పత్తి లారీల తూకం తీసే ప్రోగ్రాం విండోస్ 7లోనే నడుస్తుంది, కొత్త బోర్డేమో ఆరో తరం ఇంటెల్. పెన్‌డ్రైవ్ పెట్టి మొదలుపెడితే, సీడీ/డీవీడీ డ్రైవ్‌కు అవసరమైన డ్రైవరు లేదు అని సందేశం. ఆ మాట నమ్మి రెండు రోజులు సాటా డ్రైవర్లు ఒక్కొక్కటే ఇచ్చాను. బయట లారీలు వరస కట్టి ఉన్నాయి, గుమాస్తా గంటకోసారి వచ్చి నిలబడి చూసి వెళ్తున్నాడు. రెండో రోజు సాయంత్రం గమనించాను, ఆ సందేశం తెర మీద ఉండగా మౌస్ బాణం కదలడం లేదు. యూఎస్‌బీ కాని పాత పీఎస్2 కీబోర్డు మాత్రం పని చేస్తోంది. అంటే లేనిది డిస్కు డ్రైవరు కాదు, యూఎస్‌బీ 3 డ్రైవరు. సెటప్ ఏ పెన్‌డ్రైవ్ మీద నుంచి వచ్చిందో ఆ పెన్‌డ్రైవే దానికి కనపడకుండా పోయింది! ఐఎస్ఓ (విండోస్ డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసినది) సరిగ్గా కాపీ కాకపోయినా ఇదే సందేశం వస్తుంది కాబట్టి, మీకిది వస్తే ముందు మౌస్ కదిపి చూడండి.

అప్పుడు నేర్చుకున్నది విండోస్ సెటప్ ఫైళ్ళను మార్చే డిస్మ్ కమాండు. విండోస్‌తోనే వస్తుంది, పైసా ఖర్చు లేదు. విండోస్ పెన్‌డ్రైవ్‌లోని బూట్ డాట్ విమ్ అనే ఫైల్లో రెండు ఇమేజీలు (ఫైళ్ళన్నీ కలిపి కట్టిన మూటలు) ఉంటాయి. సెటప్ నడిచేది రెండోదాంట్లో. చాలామంది మొదటిదాంట్లో డ్రైవరు కలిపి, ఎందుకు పని చేయలేదా అని తల పట్టుకుంటారు. రెండో ఇమేజీని ఖాళీ ఫోల్డర్లోకి మౌంట్ చేసి (తెరిచి), డ్రైవరు చేర్చి, అన్‌మౌంట్ చేసేటప్పుడు కమిట్ (మార్పులు దాచు) అని తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే చేసిందంతా గంగపాలు. అదే డ్రైవరును అసలు విండోస్ ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లోనూ కలుపుతాను. పూర్తయ్యాక ఆ ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కదు, డిస్మ్‌తోనే ముక్కలు చేసుకోవాలి. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ మీద విండోస్ 7 కావాలంటే కేబీ2990941, కేబీ3087873 అప్‌డేట్లు కూడా ఇలాగే కలపాలి. మిల్లు కంప్యూటరుకు 2020 జనవరి 14 తర్వాత నేనే వెళ్ళి నెట్ కేబుల్ పీకి వచ్చాను. మద్దతు ఆగిపోయిన విండోస్‌ను నెట్‌కు తగిలించి ఉంచడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు షాపుకు వచ్చేవాటిలో ఎక్కువ 11వ తరం ఇంటెల్, ఆ తర్వాతి లాప్‌టాప్‌లు. వీటిలో వీఎండీ అనే, ఎస్ఎస్‌డీని ఇంటెల్ కంట్రోలరు ద్వారా నడిపే ఏర్పాటు ఆన్‌లో ఉంటే విండోస్ సెటప్‌లో డిస్కుల పట్టిక ఖాళీగా వస్తుంది. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి ఇలాంటి లాప్‌టాప్ తెచ్చింది. "ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాల అన్నారు సార్" అంది. వేరే షాపులో చెప్పిన ధర విని వాళ్ళ నాన్న నెలాఖరు దాకా ఆగమన్నాడట. షిఫ్ట్+ఎఫ్10 నొక్కి కమాండ్ తెర తెరిచి, డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ అని కొడితే పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. బయోస్‌లో చూస్తే మాత్రం ఎస్ఎస్‌డీ పేరు, సైజు సహా నిక్షేపంగా ఉంది. బయోస్‌లో ఉండి సెటప్‌లో లేకపోతే దాదాపు ఎప్పుడూ డ్రైవరు సమస్యే. ఇంటెల్ వాళ్ళ డిస్కు డ్రైవర్లు ఉండే సెటప్‌ఆర్ఎస్‌టీ ఫైలును ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే స్విచ్‌తో విప్పి, వీఎండీ ఫోల్డర్లోని ఐఏస్టోర్‌వీడీని లోడ్ డ్రైవర్ బటన్‌తో ఇచ్చాను. 512 జీబీ ఎస్ఎస్‌డీ వచ్చి పట్టికలో కూర్చుంది. ఆ అమ్మాయికి అయిన ఖర్చు విండోస్ ఎక్కించిన కూలి ఒక్కటే. డ్రైవరు లేదని తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు వెచ్చించకుండా చదువుకునే పిల్లల చేత ఎస్ఎస్‌డీ కొనిపించడం అన్యాయం.

బయోస్‌లో వీఎండీ ఆపేయవచ్చు కదా అని అడుగుతారు. కొత్తగా విండోస్ ఎక్కించే ఒక్క డిస్కు లాప్‌టాప్‌లో అయితే నేనూ ఆపేస్తాను. కొన్ని లాప్‌టాప్‌లలో మెయిన్ పేజీలో కంట్రోల్+ఎస్ నొక్కితే గానీ ఆ ఆప్షన్ బయటపడదు. కానీ లోపల ఇప్పటికే విండోస్ ఉండి, దాన్ని కాపాడాలంటే ఊరికే ఆపకండి, అది బూట్ కాదు. ముందు సేఫ్ మోడ్‌కు పెట్టి, ఆ తర్వాత బయోస్ మార్చాలి.

పదహారేళ్ళ వాడకం తర్వాత నా పద్ధతి చాలా చిన్నదైపోయింది. ఒకే మోడల్ కంప్యూటర్లు ఇరవై, ముప్పై ఉన్న కాలేజీ లాబ్ అయితే డిస్మ్‌తో ఇమేజీలోనే కలుపుతాను. విడి లాప్‌టాప్‌లకు మైక్రోసాఫ్ట్ ఇమేజీని ముట్టుకోను. పెన్‌డ్రైవ్ రూట్‌లో $విన్‌పీఈడ్రైవర్$ (ఇంగ్లీషులో $WinPEDriver$) అనే ఫోల్డరు పెట్టి అందులో వీఎండీ డ్రైవరు వేస్తే సెటప్ తనంతట తానే వెతికి తీసుకుంటుంది. దీని పేరులో ఒక్క అక్షరం తప్పినా పట్టించుకోదు. అన్ని డ్రైవర్లూ కలిపేసిన రెడీమేడ్ ఐఎస్ఓలు నెట్‌లో దొరుకుతాయి. అవి ఎవరు చేశారో, లోపల ఏం పెట్టారో తెలియదు కాబట్టి మా షాపులోకి రానివ్వను.

ఒక్క పని ఇంకా విసిగిస్తోంది. ఇన్‌స్టాల్ డాట్ విమ్ లోపల విన్‌ఆర్ఈ అని రికవరీ కోసం ఇంకో ఇమేజీ ఉంటుంది. దాంట్లోనూ డ్రైవరు కలపకపోతే, ఏడాది తర్వాత సిస్టం చెడిపోయి రికవరీలోకి వెళ్ళినప్పుడు డిస్కు మళ్ళీ కనపడదు. నేను చేసిన ఒక లాబ్ ఇమేజీలో దీన్ని మరిచిపోయాను. పోయిన వేసవి సెలవుల్లో వెళ్ళి ముప్పై కంప్యూటర్లలో ఒక్కొక్కదాని రికవరీనీ విడిగా సరిచేసి రావాల్సి వచ్చింది, నాలుగు రోజులు పట్టింది.