మాన్యువల్ దిద్దేవాళ్ల చేతిలో గిట్-బిల్డ్‌ప్యాకేజ్

డెబియన్ అనే లినక్స్ వ్యవస్థకి ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూటలు) చూసుకునేవాళ్లకి గిట్-బిల్డ్‌ప్యాకేజ్ బాగా తెలిసిందే. ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉన్న కోడ్ నుంచి డెబియన్ ప్యాకేజీ కట్టడానికి గీడో గుంటర్ 2006లో మొదలుపెట్టిన పైథాన్ పనిముట్టు, వాడుకలో జీబీపీ. దాంతో ప్యాకేజీ కట్టడం గురించి చాలామంది రాశారు. ఇద్దరు కలిసి మాన్యువల్, మ్యాన్ పేజీలు (ఒక్కో ఆదేశానికి ఉండే సహాయ పేజీలు) దిద్దడానికి అది ఎంతవరకు పనికొస్తుందో నేను చెప్తాను. నేను వరంగల్‌లో ఉంటాను, నాతో పనిచేసే ఆవిడ కాకినాడలో. వాక్యాలు ఆవిడ చూస్తారు, ఫార్మాట్ ట్యాగులూ బిల్డూ (ప్యాకేజీ కట్టి చూడటం) నావి.

నాకు బాగా నచ్చింది, జీబీపీ డాక్యుమెంటేషన్ కూడా కోడ్ ఉన్న రిపాజిటరీలోనే (గిట్ భద్రపరిచే ఫోల్డర్‌లోనే) ఉండటం. ఆప్షన్ మారిస్తే దాని వివరణ కూడా అదే కమిట్‌లో (గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పులో) మార్చొచ్చు. చిక్కల్లా ఆ డాక్యుమెంటేషన్ రాసే ట్యాగుల ఫార్మాట్ డాక్‌బుక్‌తోనే. వాక్యం చక్కగా రాయగలిగినవాళ్లు కూడా ఆ ట్యాగుల గుంపు చూసి వెనక్కి తగ్గుతారు. అందుకే మేం పని అలా పంచుకున్నాం.

ఎక్కువ వివరణ అవసరమైన చోటు జీబీపీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు. సెట్టింగులు ఈటీసీలో, హోమ్‌లో, డెబియన్ ఫోల్డర్‌లో, డాట్ గిట్‌లో, ఇలా చాలా చోట్ల పెట్టొచ్చు. తర్వాత చదివిన ఫైలుదే చెల్లుబాటు. డెబియన్ బ్రాంచ్ (ప్యాకేజీ పని నడిచే గిట్ శాఖ) పేరు నా హోమ్‌లో మాత్రమే రాసుకుంటే నాకు బిల్డ్ అవుతుంది. ఆవిడ మెషిన్‌లో మాత్రం 'మీరు మాస్టర్ మీద లేరు' అని ఆగిపోతుంది, ఎందుకంటే ఏమీ చెప్పకపోతే జీబీపీ మాస్టర్ అనే బ్రాంచ్ కోసం చూస్తుంది, మేం డెబియన్ వాళ్ల బ్రాంచ్ పేర్ల సూచన డెప్-14 ప్రకారం డెబియన్/లేటెస్ట్ వాడతాం. జట్టుగా పనిచేసేవాళ్లు ఆ లైను డెబియన్ ఫోల్డర్‌లోని ఫైల్లోనే పెట్టాలి. నా లెక్కన మాన్యువల్ మొదటి పేజీలో ఉండాల్సిన మాట ఇది.

వేరే ప్యాకేజీల మ్యాన్ పేజీలు దిద్దేటప్పుడు ప్యాచ్‌లని (అసలు కోడ్ మీద డెబియన్ చేసే మార్పుల ఫైళ్లని) కమిట్‌లుగా దిద్దనిచ్చే ఆదేశం జీబీపీ పీక్యూకి సాటి లేదు. ఆ ప్యాచ్‌లు ఉండే డెబియన్/ప్యాచెస్‌లో ఫైలు చేత్తో మారిస్తే అవతలివాళ్లకి తేడా మీద తేడా కనిపిస్తుంది, ఏం మారిందో అర్థం కాదు. పీక్యూ ఇంపోర్ట్ చేస్తే ఒక్కో ప్యాచ్ ఒక్కో కమిట్ అవుతుంది. రీబేస్‌తో (కమిట్‌లని తిరిగి పేర్చే గిట్ ఆదేశంతో) సర్దుకుని, మళ్లీ ప్యాచ్ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే కమిట్ సందేశమే ప్యాచ్ తలకట్టుగా వస్తుంది. మార్పు ఎందుకు చేశామో అందులోనే ఉండటంతో ఆవిడ నన్ను ఫోన్లో అడగాల్సిన పని తప్పింది. ఐదు నక్షత్రాల్లో రెండు దీనికే ఇస్తాను.

జీబీపీ తనే నేటివ్ ప్యాకేజీ (డెబియన్ కోసమే రాసింది, విడిగా ప్యాచ్‌లు ఉండవు) కాబట్టి దాని మాన్యువల్‌కి ఈ వరస అక్కర్లేదు. గిట్ ఫార్మాట్-ప్యాచ్‌తో కమిట్‌ని ఫైలుగా తీసి, డెబియన్‌కి బగ్‌లు తెలియజేసే రిపోర్ట్‌బగ్‌తో 'ప్యాచ్' ట్యాగ్ పెట్టి పంపితే చాలు. బగ్ నంబరు వస్తుంది, తర్వాత మాటలన్నీ ఆ నంబరు కిందే సాగుతాయి.

ఇద్దరు కలిసి చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. జీబీపీ డీసీహెచ్ అనే ఆదేశం చేంజ్‌లాగ్ (ప్యాకేజీలో మార్పుల జాబితా) రాసేటప్పుడు కమిట్ ఆథర్ పేరే తీసుకుంటుంది. ఆవిడ రాసిన పేరాలు నా కమిట్‌లో కలిపేస్తే ఆవిడ పేరు ఆ చేంజ్‌లాగ్‌లో కనపడదు. అది అన్యాయం. వాక్యాల కమిట్ ఆవిడ పేరుతో, ట్యాగుల కమిట్ నా పేరుతో విడివిడిగా పెడతాం.

మొత్తం మీద ఐదు నక్షత్రాలకి నాలుగు. డాక్‌బుక్‌కి ఒకటి తగ్గించాను. కొత్తవాళ్లు ఏదో ఒక మ్యాన్ పేజీలోని ఉదాహరణల భాగంతో మొదలుపెడితే మంచిది. అక్కడ ట్యాగులు తక్కువ, ప్రతి ఆదేశాన్నీ నడిపి చూసుకోవచ్చు.