బరంపురంలో కాలిక్యులస్ గైడు కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

బరంపురంలో డిగ్రీ గణితం చదువుతున్న తెలుగు పిల్లలందరికీ ఈ మాట చేరాలి. జిరాక్సు కాగితాలకు స్పైరల్ బైండింగ్ చేసి, ‘బహుచలరాశుల కలనగణితం, తెలుగు వివరణతో’ అని అట్ట వేసి అమ్ముతున్న గైడును దయచేసి కొనకండి. నేను 450 రూపాయలు పెట్టి కొన్నాను.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు. పాఠ్యపుస్తకంలో ఒక్క పుట అర్థం కావడానికి ఒక పూట పట్టేది. అలాంటి నాకు తెలుగులో వివరించిన లెక్కలు కనబడగానే ప్రాణం లేచివచ్చింది. మన ఈ అవసరాన్నే వాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు. నాకు డబ్బు పోయినందుకన్నా దీనికే ఎక్కువ కోపం.

ద్విసమాకలని (డబుల్ ఇంటిగ్రల్) అధ్యాయం చూడండి. ధ్రువ నిరూపకాలలోకి, అంటే బిందువును కేంద్రం నుంచి దూరం ఆర్, కోణం తీటాలతో చెప్పే పద్ధతిలోకి మారినప్పుడు డీఎక్స్ డీవై స్థానంలో ఆర్ డీఆర్ డీతీటా రావాలి. కేంద్రం నుంచి దూరం జరిగేకొద్దీ అదే కోణానికి చాపం పొడవు పెరుగుతుంది, ఆ ఆర్ అందుకే. గైడులో అది ఎక్కడా లేదు. నేను పసిగట్టలేకపోవడానికి కారణం ఉంది: చేసి చూపిన లెక్క వృత్త వైశాల్యం, వ్యాసార్థం 2. ఆర్ ఉంచినా 4పై, తీసేసినా 4పై! వ్యాసార్థం 2 అయినప్పుడు మాత్రమే ఈ రెండూ కలుస్తాయి. జవాబు సరిపోయింది కదా అని పద్ధతినే నమ్మాను. పరీక్షలో ఎక్స్ వర్గం, వై వర్గాల మొత్తాన్ని వ్యాసార్థం 3 ఉన్న వృత్తం మీద సమాకలనం చేయమన్నారు. 40.5పై రావలసిన చోట 18పై రాసి వచ్చాను.

అవధుల (లిమిట్ల) అధ్యాయమూ ఇంతే. ఎక్స్, వైల లబ్ధాన్ని వాటి వర్గాల మొత్తంతో భాగించి, మూలబిందువు దగ్గర అవధి సున్నా అని తేల్చారు. రెండు అక్షాల వెంట సున్నాయే వస్తుంది, నిజమే. వై సమానం ఎక్స్ అనే రేఖ వెంట వెళ్తే సగం వస్తుంది. ఏ దారిన వెళ్లినా ఒకే విలువ వస్తేనే అవధి ఉన్నట్టు. అంటే ఇక్కడ అవధి లేనే లేదు.

గైడు అమ్మినవాళ్లకే తిరిగి ఇవ్వబోతే, ‘మేము వేసిన పుస్తకం కాదు బాబూ’ అన్నారు. రచయిత పేరు లేదు, ప్రచురణకర్త పేరు లేదు, బిల్లూ ఇవ్వలేదు. మీరు ఏ గైడు కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. అది ఉంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ధ్రువ నిరూపకాల పుట తెరిచి ఆ ఆర్ ఉందో లేదో చూడండి.

నా ప్రతిలో తప్పులున్న చోటల్లా ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. ఇప్పటికే కొన్నవాళ్లుంటే అడగండి, ఆ పుటల ఫోటోలు పంపుతాను.