కొడుకుని వదలని తల్లి: ‘ది సిల్వర్ కార్డ్’ మేలా, ‘ఓ డాడ్, పూర్ డాడ్’ మేలా?

కొడుకుని గుప్పిట్లో పెట్టుకున్న తల్లి కథ, అదీ కాస్త భయపెట్టే నాటకం వేయాలనుకుంటున్నాం, ఏది తీసుకోమంటారు అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండింటి దగ్గరే ఆగిపోతున్నారు. ఒకటి సిడ్నీ హోవర్డ్ రాసిన ‘ది సిల్వర్ కార్డ్’, 1926 చివర్లో న్యూయార్క్‌లో మొదటిసారి ఆడింది. రెండోది ఆర్థర్ కోపిట్ రాసిన ‘ఓ డాడ్, పూర్ డాడ్’, 1962లో అదే ఊళ్లో ఆఫ్ బ్రాడ్వేలో, అంటే అక్కడి చిన్న థియేటర్లలో, మొదలై 450కి పైగా ప్రదర్శనలు పడింది. ముగింపులు చెప్పకుండా వీటిని పోల్చడం కుదరదు, అందుకే చెప్పేస్తున్నాను.

ముందు కోపిట్ నాటకం. కరీబియన్‌లో ఒక హోటల్‌కి మేడమ్ రోజ్‌పెటిల్ దిగుతుంది. వెంట కొడుకు జొనాథన్, మాంసం తినే మొక్కలు, ఒక పిరాన్యా చేప, పైగా లోపల గడ్డి కూరి భద్రపరిచిన మొగుడి శవం. ఆ శవాన్ని బట్టల అల్మరాలో వేలాడదీస్తుంది! కొడుకు నత్తి నత్తిగా మాట్లాడతాడు, స్టాంపులు, నాణేలు పోగేసుకుంటాడు, గది దాటి బయటికి పోడు. రోజలీ అనే అమ్మాయి వాడికి దగ్గరవ్వాలని చూస్తే, చివరికి వాడే ఆమెకి ఊపిరాడకుండా చేసి చంపేస్తాడు. దర్శకుడికి పండగే. మొక్కలు, శవం, వింత వెలుగులు అన్నీ స్టేజి మీద చూపించవచ్చు, జనం నవ్వుతూ నవ్వుతూనే బిగుసుకుపోతారు.

అయినా నా ఓటు దీనికి కాదు. ఇలాంటి నాటకంలో నేను చూసేది ఒక్కటే: తల్లి వేసిన ఆ కట్టు కొడుక్కి కూడా ఇష్టమేనా, కాదా? జొనాథన్‌ది పూర్తిగా భయం, వాడు ఖైదీ. ఖైదీని చూస్తే జాలేస్తుంది గానీ మన ఇంటి సంగతి గుర్తుకి రాదు. తల్లి మొదటి సీన్‌లోనే రాక్షసి అని తేలిపోయాక ఆమెని ద్వేషించడానికి ప్రేక్షకుడు పెద్దగా కష్టపడక్కర్లేదు, తనని తాను తడుముకోవాల్సిన పని అంతకన్నా లేదు.

హోవర్డ్ నాటకంలో మిసెస్ ఫెల్ప్స్ అలా కాదు. ఎవరి మీదా చెయ్యెత్తదు, దేన్నీ దాచదు, ప్రేమగానే మాట్లాడుతుంది. పెద్ద కొడుకు డేవిడ్ కడుపుతో ఉన్న భార్య క్రిస్టీనాని ఇంటికి తీసుకొస్తే, భార్యాభర్తలకి వేరు వేరు గదులు ఇస్తుంది, వాడికేమో చిన్నప్పటి గది. వాడికి అది తప్పుగా తోచదు సరికదా, హాయిగా ఉంటుంది. చిన్నవాడు రాబర్ట్‌తో తల్లి కాసేపు కూర్చుని మాట్లాడుతుంది, వాడు వెళ్లి హెస్టర్‌తో నిశ్చయమైన పెళ్లి వద్దని చెప్పేస్తాడు, అది తన సొంత నిర్ణయమేనని నమ్ముతూ. నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడ. శవం అక్కర్లేదు, పిరాన్యా అక్కర్లేదు. ఆ తర్వాత హెస్టర్ పరిగెత్తి మంచు పట్టిన చెరువులో పడితే కొడుకులిద్దరూ బయటికి ఉరుకుతారు, తల్లి మాత్రం కిటికీలోంచి కోటు వేసుకోండిరా, న్యుమోనియా వస్తుంది అన్నట్టు అరుస్తుంది. ఆమె నిజంగానే అంటోంది, కొడుకుల మీద బెంగతోనే అంటోంది! ఆ ఒక్క అరుపు కోసమైనా ఈ నాటకం వేయొచ్చు. చివరికి డేవిడ్ భార్యతో వెళ్లిపోతాడు, రాబర్ట్ తల్లి దగ్గరే ఉండిపోతాడు.

లోపం లేదని కాదు. మూడో అంకంలో క్రిస్టీనా, తన అత్తగారి జబ్బేమిటో నిలబెట్టి వివరిస్తుంది. ఆ రోజుల్లో మనస్తత్వ శాస్త్రం మోజు బాగా ఉండేది, దాని వాసన ఆ మాటల్లో ఇప్పటికీ కొడుతుంది. అప్పటిదాకా మనమే పట్టుకున్నదాన్ని మళ్లీ విడమరిచి చెప్పడంతో టెన్షన్ జారిపోతుంది. అక్కడ కోత పెట్టమంటాను.

మరో రెండు నాటకాల పేర్లు కూడా అడుగుతున్నారు కాబట్టి: టెనెసీ విలియమ్స్ 1958 నాటకం ‘సడెన్లీ లాస్ట్ సమ్మర్’ గొప్పదే, కానీ కొడుకు తెర లేవకముందే చనిపోయాడు, వాడికి ఇష్టమో కాదో మనం చూడలేం. ఫ్రెంచ్ రచయిత కోక్తో 1938లో రాసిన ‘లె పరాఁ తెరీబ్ల్’లో కొడుకు ప్రేమించిన అమ్మాయే తండ్రి ఉంచుకున్న మనిషి అని తేలుతుంది, ఆ ముడి దగ్గరే చూపంతా ఆగిపోతుంది.

‘సిల్వర్ కార్డ్’కి ఒక షరతు ఉంది. మిసెస్ ఫెల్ప్స్‌గా వేసే నటి కొడుకుల్ని నిజంగా ప్రేమించాలి. ఒక్క సీన్‌లో జిత్తులమారి చూపు చూసినా రాబర్ట్ వెర్రివాడైపోతాడు, నాటకం కూలిపోతుంది. అలాంటి నటి మీ బృందంలో లేకపోతే మొహమాటపడకుండా కోపిట్‌దే తీసుకోండి, అందులో సెట్టు, వెలుగులు, ఆ శవం కలిసి సగం బరువు మోస్తాయి.