బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు కామా చూసుకోండి: 42,350 బాకీ 42 అయింది

తిరుపతిలో మాది విస్తర్లు, పేపర్ ప్లేట్లు, గ్లాసులు టోకున అమ్మే అంగడి. ఖాతా పుస్తకాలతో వేగలేక పోయిన నెల ఒకాయన దగ్గర బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాను. ధర 14 వేలు, 10 వేలు ముందే ఇచ్చేశాను. ఆయన పేరు రాయను. మీరు ఎవరి దగ్గర కొన్నా ఇది చదివి కొనండి.

డెమోలో ఒక్క తప్పు లేదు. 125.50, 350, 860.75 అని కొట్టి చూపించాడు, టకటకా బిల్లు వచ్చింది. పాత బాకీలు మా అమ్మాయి ఎక్సెల్‌లో పెట్టిన ఫైలు నుంచి ఎక్కించి వెళ్లాడు.

మూడో రోజు పొద్దున పుత్తూరు ఖాతాదారు ఒకాయన వచ్చి 50 రూపాయల నోటు గల్లాపెట్టె మీద పెట్టాడు. "ఇందన్నా, నా బాకీ. చిల్లర నువ్వే ఉంచుకో" అని ఒకటే నవ్వు. ఆయన ఫోన్‌లో మా అంగడి పేరుతో మెసేజ్: మీ బాకీ రూ. 42.00. ఆయన ఇవ్వాల్సింది 42,350. మంచి మనిషి కాబట్టి చెప్పాడు. 1,18,600 ఇవ్వాల్సిన మండపం వాళ్లకు 1 రూపాయి అని పోయింది, వాళ్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. వెయ్యి లోపు బాకీలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బీటెక్ చదివే మా తమ్ముడి కొడుకు కూర్చుని చూశాడు. ఫైల్లో ఉన్న 42,350 కంప్యూటర్‌కు అంకె కాదంట, వట్టి అక్షరాల వరుసంట. దాన్ని ప్రోగ్రామే అంకెగా మార్చుకోవాలి. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పార్స్‌ఫ్లోట్, పాత విజువల్ బేసిక్‌లో వాల్ లాంటి ఆదేశాలు ఎడమ నుంచి చదువుకుంటూ పోయి, కామా తగలగానే ఆగి, అంతవరకు దొరికిందే జవాబు అంటాయి. ఎర్రర్ కూడా రాదు. అదే పైథాన్ అనే ఇంకో భాషలో ఫ్లోట్ అనే ఆదేశానికి ఇస్తే 'ఇది అంకె కాదు' అని అక్కడే మొండికేస్తుంది. నన్నడిగితే ఆ మొండితనమే నయం.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "కామాలు తీసేసి కొట్టండి సార్" అన్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ నిండా కామాలే, ఒక్కొక్కటీ కూర్చుని గీకాలా? గొడవ పడితే సరిచేసి పంపాడు. అంతటితో పోలేదు. ప్లేటు 4.35 చొప్పున 10,000 ప్లేట్లకు 43,500 రావాలి, బిల్లు 43,400 వచ్చింది. నూరు రూపాయలు ఏమైనట్టు? 4.35ను కంప్యూటర్ తన 0, 1 అనే రెండే అంకెల లెక్కలో కచ్చితంగా రాసుకోలేదు. చుక్క ఉన్న అంకెలకు మామూలుగా వాడే ఫ్లోట్ అనే రకంలో దాన్ని 100తో గుణిస్తే 435 రాదు, 434.99999999999994 వస్తుంది. పైసల్లోకి మార్చేటప్పుడు చుక్క తర్వాతది కోసేస్తే మిగిలేది 434. మావాడు ల్యాప్‌టాప్‌లో చేసి చూపించేదాకా నేను నమ్మలేదు. డబ్బు లెక్కకు డెసిమల్ అని వేరే రకం ఉంది, అక్షరాల నుంచి నేరుగా అందులోకే మార్చుకోవాలంట. ముందు ఫ్లోట్ చేసి తర్వాత డెసిమల్ చేస్తే చెడిన అంకే అందులోకీ వస్తుంది.

కాబట్టి డబ్బు చేతికివ్వక ముందే మీ సొంత ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. అందులో 1,250.50 ఉండాలి, లక్ష దాటిన అంకె ఉండాలి, రూ.500 అని ముందు అక్షరాలున్నది, ఒక ఖాళీ గడి కూడా ఉండాలి. ఎక్కించాక మొత్తం కాలిక్యులేటర్‌తో సరిచూడండి. అర్థం కానిదాన్ని గమ్మున సున్నా చేసుకుంటే వద్దనండి, ఫలానా వరుసలో తప్పుందని చెప్పాలి. డబ్బు కాలమ్ డెసిమలా, ఫ్లోటా అని కూడా అడగండి. నేనడిగితే "అదంతా టెక్నికల్ సార్" అన్నాడు, నాకు అప్పుడే వెలిగింది.

మిగతా 4 వేలు నేనివ్వలేదు, రోజూ ఫోన్ చేస్తున్నాడు. చిత్తూరులో ఇంకో రెండు అంగళ్లకు ఇదే అమ్మాడని ఆయన నోటితోనే విన్నాను. ఈ మధ్య కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈరోజే వెయ్యి దాటిన బాకీలు ఒకసారి తెరిచి చూసుకోండి, మెసేజ్‌లు పోయే ఆప్షన్ అప్పటిదాకా ఆపేయండి.